ముందు ఊరు అడిగాం

ఈ మధ్య ట్రైనింగ్ ముగించుకుని ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆమెను స్పెషల్ బ్రాంచిలో ఫారినర్స్ సెక్షన్‌లో వేశారట. మొహం చిన్నబుచ్చుకుని అడిగింది, "మేడమ్, అండ్ల ఏం పని ఉంటది? ఫైళ్ళు చూసుడే కదా?"

ఫైళ్ళు చూడటమేనమ్మా, అన్నాను. ఆమె వెళ్ళిపోయాక ఆ జవాబు సగమే నిజమన్న సంగతి నన్ను తొలిచింది. మిగతా సగం నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. నా పేరు మాత్రం మార్చుకోలేదు. నేను సుగుణను.

రెండు బల్లల గది

కానిస్టేబుల్‌గా చేరి ఎస్సైగా రిటైరయ్యాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో ఎవరికీ అక్కర్లేదు. సర్వీసులో దాదాపు సగం ఆ సెక్షన్‌లోనే గడిచింది. నన్ను అక్కడ వేయడానికి కారణం ఒక్కటే. మిషన్ స్కూల్లో చదివినందువల్ల నాకు ఇంగ్లిష్‌లో ఉత్తరం రాయడం వచ్చు.

రెండు బల్లలు, మూడు ఇనుప బీరువాలు, రైల్వే గేటు వైపు ఒక కిటికీ. వరంగల్‌లో విదేశీయులెవరుంటారని చాలామంది నవ్వేవారు. ఉంటారు. యూనివర్సిటీలోనూ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చదివే సూడాన్, యెమెన్ విద్యార్థులు. రామప్ప గుడి చూడటానికి పాలంపేట వెళ్తూ లాడ్జీలో దిగే యాత్రికులు. వాళ్ళు వచ్చినట్టు లాడ్జీవాళ్ళు ఫారం పంపేవారు, మేం వీసా తేదీలు రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్ళం. తేదీ దాటితే పిలిచి అడిగేవాళ్ళం. మామూలుగా ఇంతే.

మామూలుగా లేని రోజుల్లో అదే గది స్టేషన్‌కూ జైలుకూ మధ్య తలుపులా ఉండేది. ఆ సంగతి తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కింది అర

నాకు పని నేర్పింది ఇన్‌స్పెక్టర్ నరహరి సార్. బక్కపలచటి మనిషి, గొంతు పెంచి మాట్లాడటం నేను వినలేదు. నేను చేరిన వారంలోనే బీరువా కింది అరలోంచి ఒక లావుపాటి ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

అది ఖాదర్ సాబ్ ఫైలు. ఖాదర్ సాబ్ ఇక్కడే పుట్టాడు. పోలీసు చర్య తర్వాత పదిహేనేళ్ళ వయసులో అన్న వెంట కరాచీ వెళ్ళిపోయాడు. ముసలితనంలో మంచం పట్టిన అక్కను చూడటానికి పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద తిరిగి వచ్చాడు. నెల రోజుల వీసా. అక్క కోలుకోలేదు, ఆయన వెళ్ళలేదు. తను పుట్టిన ఇంటి అరుగు మీద కూర్చుని పరాయి దేశస్తుడయ్యాడు.

రూలు ప్రకారం కేసు పెట్టి జైలుకు పంపాలి. నరహరి సార్ పంపలేదు. గడువు పెంచమని పైకి రాసేవాడు. పైనుంచి ఒక ప్రశ్న వచ్చేది. దానికి రెండు నెలలు ఆగి జవాబు రాసేవాడు. మళ్ళీ ప్రశ్న. ఖాదర్ సాబ్ ప్రతి నెలా కర్ర పొడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టి, కాసేపు ఫ్యాను కింద కూర్చుని పోయేవాడు. అక్క పోయిన కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. ఇద్దరినీ ఒకే చోట పాతిపెట్టారు. ఆయన మరణం గురించి రాయబార కార్యాలయానికి పంపిన ఉత్తరమే ఆ సెక్షన్‌లో నేను రాసిన మొదటి ఇంగ్లిష్ డ్రాఫ్టు.

ఆ ఫైలు నా ముందు పెట్టిన రోజు సార్ అన్న మాటలు ఇవి.

"చూడు సుగుణా, దొంగను పట్టుకుంటే వాడు దొంగ అని మనం రుజువు చెయ్యాలె. ఈ చట్టంల మనం ఏం రుజువు చెయ్యక్కర్లేదు. నువ్వు ఈ దేశపోనివి కాదు అంటే సాలు. అవునని ఆయననే రుజువు చేసుకోవాలె. ఇసొంటి చట్టం చేతిల ఉన్నోళ్ళు జర మెల్లగ నడవాలె."

అది నిజం. ఆ చట్టం బ్రిటిష్‌వాళ్ళు ఈ దేశం విడిచిపోయే ముందు చేసింది. యుద్ధకాలపు అనుమానంలోంచి పుట్టింది. తెల్లదొరలు పోయినా, దేశం రెండయినా, రెండు మూడయినా, మా బల్ల మీద అదే చట్టం ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో కొత్తది వచ్చింది. రుజువు చేసుకునే బరువు మాత్రం ఇప్పటికీ ఆ మనిషి నెత్తినే ఉంది. కొత్తగా చేరేవాళ్ళు చట్టంలోని సెక్షన్ల నంబర్లు బట్టీ పడతారు. ఈ ఒక్క విషయం బట్టీ పట్టండి.

సార్ చేసింది తప్పా ఒప్పా అని నన్ను అడిగితే, తప్పే అంటాను. ఆయన స్థానంలో నేనుంటే అదే తప్పు చేసి ఉండాలని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆయన రిటైరయ్యాడు, నేను ఆయనలా చేయలేదు.

ఒకే పుస్తకంలో రెండు నంబర్లు

నరహరి సార్ తర్వాత కొన్నేళ్ళకు ఒక కొత్త డీఎస్పీ వచ్చాడు. చురుకైన మనిషి. మొదటి మీటింగులోనే నన్ను లేపి, "మీ సెక్షన్ నుంచి ఒక్క కేసు కూడా ఎందుకు లేదు?" అని అడిగాడు. అందరి ముందూ నిలబడి ఉన్నాను. ఆ అవమానం చాలాకాలం నాతో ఉంది. తర్వాత జరిగినదానికి అది సాకు కాదు, కానీ కారణాల్లో ఒకటి.

ఒక రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూస్తుండగా ఒక స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, ఇక్కడ ఒక ఆడమనిషి ఉన్నది. ఇండియన్ కాదంటాండ్రు. ఆడోళ్ళ కేసు, మీరే రావాలె."

వెళ్ళేసరికి వరండాలో బెంచీ మీద ముప్పై దాటని ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఎడమ చేతికి అట్టముక్క పెట్టి చున్నీతో కట్టుకుంది. వేళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. పక్కన ఆమె భర్త యూసుఫ్. కొత్తవాడలో ఒక షెడ్డులో దర్రీ జంపఖానాలు నేస్తాడు. ఆమె పేరు మొమేనా, వాడలో అందరూ మున్నీ అంటారు. అదే షెడ్డులో నూలు కండెలు చుడుతుంది.

జరిగింది ఇది. ముందు రోజు యూసుఫ్ సరుకు వెంట హైదరాబాద్ వెళ్ళాడు. అది చూసుకుని షెడ్డు యజమాని బావమరిది శంకర్ పట్టపగలు ఆమె ఇంట్లోకి జొరబడ్డాడు. ఆమె అరిచింది, కొరికింది. వాడు మూలనున్న మగ్గం కర్ర అందుకుని కొట్టాడు. చెయ్యి విరిగింది. భర్త తిరిగొచ్చాక పొద్దున్నే ఇద్దరూ స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు ఇచ్చారు. స్టేషన్‌వాళ్ళు రాసుకుని కేసు నంబరు వేశారు, శంకర్‌ను పిలిపించారు. అక్కడిదాకా అందరూ తమ పని తాము సరిగ్గానే చేశారు.

శంకర్ వచ్చి నేరం గురించి ఏమీ మాట్లాడలేదు. "ఆమెది ఈ దేశమే కాదు సార్. ముందు ఆమెది ఏ ఊరో అడుగుండ్రి" అన్నాడు. వాడలో ఎవరికో తెలిసిన విషయం వాడి చెవిన పడి ఉంటుంది. ఇన్నాళ్ళూ దాచుకుని, అవసరమైన రోజు బయటపెట్టాడు.

అంతే, స్టేషన్‌లో అందరి కళ్ళూ శంకర్ మీది నుంచి ఆమె మీదికి తిరిగాయి.

అమ్మగారి ఊరు

ఆమెకు ఇంకా వైద్యం కాలేదని చూసి నేనే దవాఖానకు తీసుకెళ్తానన్నాను. అప్పుడు నా మనసులో ఏ ఎత్తుగడా లేదు, అది నిజం. ఎక్స్‌రే తీయించాను. పట్టీ గది ముందు చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. ఆమె పొద్దుటినుంచీ ఏమీ తినలేదంటే చాయ్, బన్ను తెచ్చి ఇచ్చాను. ఒంటి చేత్తో బన్ను చాయ్‌లో ముంచుకోలేకపోతే గ్లాసు నేను పట్టుకున్నాను.

అప్పుడు అడిగాను, "మీ అమ్మగారి ఊరేదమ్మా?"

ఆడవాళ్ళు కలిస్తే ఒకరినొకరు అడిగే మామూలు ప్రశ్న. బస్సులో అడుగుతాం, పెళ్ళిళ్ళలో అడుగుతాం. యూనిఫాంలో ఉన్న మనిషి అడిగితే అది మామూలు ప్రశ్న కాదు. అది నాకు తెలుసు. తెలిసే అడిగాను.

ఆమె గ్లాసు వైపే చూస్తూ చెప్పింది. "నాకు సక్కగ యాదికి లేదక్కా. పెద్ద నది ఉండె. తొమ్మిదేండ్లో, పదేండ్లో. మా చిన్నమ్మ చెయ్యి పట్టుకొని తోల్కచ్చింది. రాత్రంత నీళ్ళల్ల నడిచినం. కలకత్తల కొన్ని దినాలు, బొంబాయిల ఒక ఇంట్ల గిన్నెలు తోమిన. ఆడికెల్లి హైదరాబాద్. అక్కడ్నే ఈయన చేసుకున్నడు. పద్నాలుగేండ్లయె కొత్తవాడకచ్చి. నా బిడ్డ ఇక్కడ్నే పుట్టింది."

తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకక్కా."

నేను తల ఊపాను.

ఆ తల ఊపడం అబద్ధం. పట్టీ వేయించి తిరిగి స్టేషన్‌కు తీసుకొచ్చి, ఆమె చెప్పింది చెప్పినట్టు రిపోర్టులో రాశాను. పెద్ద నది, చిన్నమ్మ, బొంబాయి, అన్నీ. ఆమె తప్పించుకోవడానికి ఒక్క సందు కూడా లేకుండా రాశాను. ఇంగ్లిష్ బాగా కుదిరింది.

యూసుఫ్‌కు విషయం అర్థమయ్యాక చేతులు జోడించాడు. "మేడమ్, మేం కొట్టినోని మీద కేస్ పెట్టనీకి వచ్చినం. మాకు కేస్ వద్దు. ఆ కాయితం చింపేయుండ్రి, మేం ఇంటికి పోతం."

"అట్ల చింపనీకి ఉండదు యూసుఫ్" అన్నాను.

ఆ రోజు స్టేషన్ పుస్తకంలో వరుసగా రెండు నంబర్లు పడ్డాయి. మొదటి కేసులో ఆమె ఫిర్యాదుదారు. రెండో కేసులో ఆమె ముద్దాయి. శంకర్ సాయంత్రానికి స్టేషన్ బెయిలు మీద ఇంటికి పోయాడు. ఆమె రిమాండుకు పోయింది.

డీఎస్పీ నన్ను పిలిచి మంచి పని చేశావన్నాడు. ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. అది దాచుకుంటే ఈ రాతకు అర్థం లేదు.

శిక్ష అయిపోయిన ఖైదీ

ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన వకీలు నేరం ఒప్పుకోమని సలహా ఇచ్చాడు. విచారణ మొదలైతే ఏళ్ళు పడుతుంది, ఒప్పుకుంటే తక్కువ శిక్షతో బయటపడతావన్నాడు. చెడ్డ సలహా అని అనలేను. కాకపోతే బయటపడి ఎక్కడికి పోతావో ఆయన చెప్పలేదు.

మేజిస్ట్రేట్ అడిగారు. ఆమె అంది, "ఒప్పుకుంటున్న సార్. ఇంటికి పోనియ్యుండ్రి."

ఏడాది శిక్ష పడింది.

ఏడాది ముగిసే వారం జైలు సూపరింటెండెంట్ నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఈమె శిక్ష సోమవారంతో అయిపోతాంది. మంగళవారం నుంచి ఈమెను నేను ఏ కాయితం మీద ఉంచుకోవాలె?"

బయటికి వదలడానికి వీల్లేదు, ఆమె ఈ దేశంలో ఉండకూడదు. పంపించడానికీ వీల్లేదు, అవతలి దేశం తమ మనిషేనని ఇంకా ఒప్పుకోలేదు. ఊరి పేరు గుర్తులేని మనిషిని ఏ ఊళ్ళో వెతుకుతారు? పంపించేదాకా అక్కడే ఉంచమని నేను పరుగెత్తి ఇంకో ఉత్తర్వు తెచ్చి ఇచ్చాను. మంగళవారం నుంచి ఆమె ఖైదీ కాదు. అదే బ్యారక్, అదే కంచం, అదే గేటు. కాయితం ఒక్కటే మారింది. అట్లా ఇంకో ఏడు నెలలు గడిచాయి.

నేరానికి శిక్ష వేరు, దేశం నుంచి పంపడం వేరు అని మాకు ట్రైనింగులో చెప్పారు. మొదటిది కోర్టు పని, రెండోది ప్రభుత్వం పని. పుస్తకంలో అవి రెండు పేజీలు. మహిళా బ్యారక్‌లో కూర్చున్న మనిషికి ఆ తేడా ఎక్కడ కనిపిస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

రాయని వివరం

ఆ ఏడు నెలల్లో ఒక పని చేశాను. ఒక పని చేయలేదు అనడం సరైనది.

వాళ్ళ కూతురు సల్మాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. పంపించే రిపోర్టులో కుటుంబ వివరాలు రాయాలి. పిల్లలెందరు, ఎక్కడ పుట్టారు, పుట్టిన తేదీ. ఆ తేదీ చాలా ముఖ్యం. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డా ఇక్కడి పౌరులే అన్న కాలం ఒకటి ఉండేది. తర్వాత చట్టం రెండుసార్లు బిగిసింది. ఆ పిల్ల పుట్టేనాటికి, తండ్రి ఇక్కడివాడైనా తల్లి కాయితాలు లేకుండా వచ్చిన మనిషైతే, బిడ్డ కూడా లెక్కలోకి రాదు. తేదీ రాస్తే ఆ పిల్ల పేరున ఇంకో ఫైలు తెరవాలి.

యూసుఫ్‌ను పిలిచి, "నీ బిడ్డ ఎక్కడున్నది?" అని అడిగాను.

"నా కాడనే ఉన్నది మేడమ్. బడికి పోతాంది."

'భర్త సంరక్షణలో ఉంది' అని రాసి, తేదీ దగ్గర ఏమీ రాయకుండా పంపాను. పైనుంచి ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చేసేదాన్నో తెలియదు. నరహరి సార్ దగ్గర నేర్చుకున్నదాంట్లో ఈ ఒక్కటే చివరికి నాకు అక్కరకొచ్చింది. దీనివల్ల తల్లికి ఏమీ ఒరగలేదు.

చాయ్ సంగతి

చివరికి అవతల ఒక మేనమామ దొరికాడు. ఆమె తమ పిల్లేనని ఒప్పుకున్నాడు. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారట. ఆ కబురు జైలుకు వెళ్ళి నేనే చెప్పాను. ఆమె "నాకు వాళ్ళ మొగాలు గూడ యాదికి లేవక్కా" అంది.

ఆమెను సరిహద్దు దాకా తీసుకెళ్ళే బాధ్యత నాకే పడింది. తోడు ఒక హెడ్ కానిస్టేబుల్. వరంగల్ స్టేషన్‌కు యూసుఫ్ కూతుర్ని తీసుకుని వచ్చాడు. బండి అరగంట ఆలస్యం. ఆ అరగంట ముగ్గురినీ ఒక సిమెంటు బెంచీ మీద కూర్చోనిచ్చి నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. ఏడుపులేమీ లేవు. మున్నీ కూతురి జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. విరిగిన చెయ్యి సరిగ్గా అతకలేదు, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. జడ వంకరగా వచ్చింది. మళ్ళీ విప్పింది.

"మగ్గం కాడ కూసోకు. దుమ్ము పడ్తది, నీకు దగ్గు లేస్తది. బడికి పో" అంటోంది. సల్మా తలూపుతోంది. బండి వచ్చేసరికి జడ సగమే అయింది.

రెండు రోజుల ప్రయాణం. మొదటి రోజు ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. రెండో రోజు పొద్దున ఒడిశాలో ఏదో స్టేషన్‌లో చాయ్ తీసుకుని ఇచ్చాను. తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని అడిగింది.

"అక్కా, ఒక మాట అడుగుత. ఆ దినం నాకు చాయ్ తాపిచ్చి అడిగినవ్ గద. అట్లనే అడుగుమని మీకు చెప్తరా?"

హెడ్ కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు.

"లేదు. ఎవ్వలు చెప్పలే. నాకే తోచింది" అన్నాను.

ఆమె తల ఊపింది. కోపం లేదు. తెలుసుకోవాలనుకున్నది తెలుసుకున్నట్టు ఊపింది. చాయ్ చల్లారిపోయాక కిటికీలోంచి పారబోసింది.

సరిహద్దు గేటు దగ్గర కాయితాలు చూసిన అధికారి ఆమెను బంగ్లా భాషలో ఏదో అడిగాడు. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. ఆమె తడబడి, "తెల్వది సార్" అంది. తెలుగులో. ఆయన నా వైపు చూసి, ఈమె ఏ భాష మాట్లాడుతోందని హిందీలో అడిగాడు. మా భాష, అన్నాను. ఇంకేమీ అడగకుండా ముద్ర వేశాడు.

గేటు అవతల తెల్ల గడ్డం ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. మేనమామ అయి ఉండాలి. మున్నీ సంచి భుజానికి వేసుకుని నడిచి వెళ్ళింది. వెనక్కి చూస్తుందని అక్కడే నిలబడ్డాను. చూడలేదు. నేను రసీదు తీసుకున్నాను. మనిషిని అప్పగించినట్టు రసీదు.

మొదటి నంబరు

ఇక్కడితో ముగిస్తే ఇది ఒక మనిషి కష్టం గురించిన కథ. పోలీసు పని గురించి చెప్పాలంటే మొదటి కేసు దగ్గరికి రావాలి.

శంకర్ మీద కేసు అట్లాగే ఉంది. నేను సరిహద్దు నుంచి వచ్చిన ఏడాదికి అది విచారణకు వచ్చింది. మొదటి సాక్షి ఫిర్యాదుదారే. కోర్టు నుంచి ఆమె పేరున సమన్లు బయలుదేరి, కొత్తవాడలో తలుపు తట్టి, అక్కడ లేదని తెలిసి, తిరిగి తిరిగి నా బల్ల మీదికి వచ్చాయి. నన్నే కోర్టుకు రమ్మన్నారు.

కొత్తగా వచ్చిన మేజిస్ట్రేట్. చిన్న వయసు అమ్మాయి. కేసు కట్ట చూస్తూ అడిగారు, "ఫిర్యాదుదారు ఎందుకు రాలేదు?"

"ఆమె ఈ దేశంలో లేదు మేడమ్."

"ఎక్కడికి పోయింది?"

"మేమే పంపించాం."

ఆమె కళ్ళెత్తి నన్ను చూశారు. ఏమన్నా అంటారేమో అనుకున్నాను. తల దించుకుని రాసుకున్నారు.

డాక్టరు వచ్చి చెయ్యి విరిగిన మాట వాస్తవమేనని సాక్ష్యం చెప్పాడు. ఎక్స్‌రే ఉంది. ఎవరు విరిచారో చెప్పే మనిషి లేదు. యూసుఫ్ ఆ రోజు ఊళ్ళో లేడు. అరుపులు విన్న పక్కింటివాళ్ళు వినలేదన్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఏమైందో వాళ్ళు కళ్ళారా చూశారు.

కేసు కొట్టేశారు. వరండాలో శంకర్ ఎదురొచ్చి, "నమస్తే మేడమ్" అన్నాడు. ఎగతాళి లేదు, మర్యాదగానే అన్నాడు. నా చేతులు అలవాటు కొద్దీ లేచాయి.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇది. విదేశీయుల చట్టం అమలు చేయాల్సిందే, దాన్ని కాదనే హక్కు మనకు లేదు. కానీ అది ఒక్క మనిషి మీదనే అమలైందని అనుకోకండి. శంకర్ మీద అమలు కావాల్సిన చట్టం కూడా ఆ రోజే ఆగిపోయింది. దెబ్బ తిన్న మనిషి స్టేషన్‌కు నడిచి రాకపోతే పోలీసు చేతిలో ఏమీ ఉండదు. లాఠీ ఉంటుంది, అంతే. దెబ్బతిన్న మనిషి వచ్చినప్పుడు ముందు దెబ్బ రాసుకోండి. దాని విచారణ ముగిసేదాకా మిగతాది ఆపగలిగే దారి ఉందేమో వెతకండి. సాక్షి అవసరం అని కోర్టుకు రాసి, పంపడం ఆపించి ఉండవచ్చు. అట్లా చేయవచ్చని నాకు తెలుసు. రాయాలన్న ఆలోచనే రాలేదు. నా తప్పుల్లో అది అన్నిటికంటే పెద్దది. తల ఊపడం కంటే పెద్దది.

ఆఖరి ఏడాది

రిటైరయ్యే ముందు ఏడాది నన్ను దవాఖాన ఔట్‌పోస్టులో వేశారు. దెబ్బలతో వచ్చేవాళ్ళ వివరాలు రాసుకోవడం పని.

ఒక ఉదయం కొత్తవాడ నుంచి ఒకామె వచ్చింది. పేరు రాజేశ్వరి. పుట్టింది, పెరిగింది, మెట్టింది అన్నీ కొత్తవాడలోనే. మొహం ఒక పక్క వాచి, కన్ను మూసుకుపోయి ఉంది. మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి. డాక్టరు చీటీలో 'మెట్ల మీద జారిపడింది' అని ఉంది. ఆమె చెప్పిందే ఆయన రాశాడు.

వార్డుకు వెళ్ళి ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మెట్ల మీద పడ్డ దెబ్బలు కావివి. ఎవలు కొట్టిన్రు, చెప్పు. నేను రాసుకుంట."

"పడ్డ మేడమ్."

"నీకు ఫికర్ ఎందుకు? నీది ఈ ఊరే. నిన్ను ఎవలేం చేస్తరు?"

ఆమె బాగున్న కంటితో నన్ను చాలాసేపు చూసింది. నేనెవరో ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది.

"మున్నీ గూడ చెయ్యి ఇరిగిందనే వచ్చింది గద మేడమ్" అంది. మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంకాసేపు కూర్చున్నాను. నర్సు వచ్చి మంచాలు సర్దుకోవాలంది. నేను ఔట్‌పోస్టుకు వచ్చి రిజిస్టర్ తెరిచాను. కారణం అన్న చోట 'మెట్ల మీద జారిపడింది' అని ఎక్కించి, కింద సంతకం చేశాను.